ఒహాయో స్టేట్ మార్చింగ్ బ్యాండ్: ‘ఐ’ మీద చుక్క పెట్టే గౌరవం సూసాఫోన్‌కే ఎందుకు?

ప్రశ్న: తూర్పుగాలి

నేను ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థినిగా చేరి రెండేళ్లు కావస్తోంది. అయినా అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియంలో అడుగు పెట్టడం మాత్రం గత శనివారమే మొదటిసారి. ఆట నియమాలు నాకు సగం కూడా అర్థం కాలేదు. కానీ మార్చింగ్ బ్యాండ్ మైదానంలోకి వచ్చి, ఒకరి వెనుక ఒకరు నడుస్తూ, వాయిస్తూనే ‘ఒహాయో’ (Ohio) అనే మాటను ఇంగ్లిష్ గొలుసుకట్టు రాతలో రాయడం చూసినప్పటి నుంచి నా ధ్యాసంతా దాని మీదే ఉంది. చివర్లో, ఒంటికి చుట్టుకున్న సూసాఫోన్ అనే పెద్ద ఇత్తడి వాద్యంతో ఒక అమ్మాయి వరుసలోంచి విడివడి, కాళ్లు ఎత్తి ఎత్తి వేస్తూ వెళ్లి, ‘ఐ’ అక్షరం నెత్తిన చుక్కగా నిలబడి, టోపీ తీసి స్టేడియం రెండు వైపులా నడుము వంచి నమస్కరించింది. నా పక్క సీటులోని పెద్దాయన లేచి నిలబడి, కళ్లు తుడుచుకుని, మళ్లీ కూర్చున్నారు.

ఒక విశ్వవిద్యాలయానికి సైనిక దుస్తుల్లో కవాతు చేసే బ్యాండ్ ఎందుకు ఉంది? ఆ చుక్క స్థానం ట్రంపెట్‌కో డోలుకో కాకుండా సూసాఫోన్‌కే ఎందుకు దక్కుతుంది? అన్ని విశ్వవిద్యాలయాల సంప్రదాయమూ ఇదేనా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: పాతఅరలు

తూర్పుగాలి గారూ, మీ మొదటి ప్రశ్నకు జవాబు కావాలంటే 1862 దాకా వెనక్కి వెళ్లాలి. అంతర్యుద్ధం సాగుతున్న ఆ ఏడాది అమెరికా కాంగ్రెస్ మొరిల్ చట్టం చేసి, వ్యవసాయ, యంత్ర విద్యలు నేర్పే కళాశాలల కోసం రాష్ట్రాలకు ప్రభుత్వ భూములు ఇచ్చింది. ఆ కళాశాలల్లో సైనిక విద్య కూడా ఉండాలన్న మాట ఆ చట్టంలోనే ఉంది. ఒహాయో స్టేట్ ఆ చట్టం కింద పుట్టిన విద్యాసంస్థే. సైనిక శిక్షణ ఉన్నచోట కవాతు ఉంటుంది, కవాతు ఉన్నచోట అడుగు కలపడానికి డోలు కావాలి. అందుకే అక్కడ 1878లో కేడెట్ల కోసం సన్నని పిల్లనగ్రోవులు, డోళ్లతో ఒక చిన్న బృందం మొదలైంది. మీరు చూసిన దుస్తులు, నడక, బ్యాండ్‌ను ముందుండి నడిపించే డ్రమ్ మేజర్ చేతిలోని దండం అన్నీ ఆ కాలం నుంచి వచ్చినవే. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయ బ్యాండ్ 1894 నుంచి ఈనాటికీ కేడెట్ దళంలో భాగంగానే నడుస్తోంది. వంపులూ బొమ్మలూ లేకుండా, తిన్నని వరుసలు ఒకదానిలోంచి మరొకటి దూసుకుపోయే కవాతే అక్కడ కళ. అయితే అన్ని బ్యాండ్లూ ఈ చట్టంతోనే పుట్టాయనుకోకూడదు. నోటర్ డామ్ విశ్వవిద్యాలయ బ్యాండ్ తన పుట్టుకను 1845 నుంచి లెక్కపెట్టుకుంటుంది.

కవాతు మైదానం నుంచి ఫుట్‌బాల్ మైదానానికి జరిగిన మార్పే నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే ఆసక్తికరమైన ఘట్టం. శనివారం ఆటకు జనం వేలల్లో రావడం మొదలయ్యాక, సేనాధికారికి కనిపించేలా సాగిన వరుసలు ఎత్తైన గ్యాలరీల్లో కూర్చున్నవారి వైపు తిరిగాయి. పైనుంచి చూసేవారికి వరుసల కంటే ఆకారాలు బాగా కనిపిస్తాయి. 1907లో పర్డ్యూ విశ్వవిద్యాలయ బ్యాండ్ వరుసలు విడదీసి మైదానంలో ‘పి’ అక్షరంగా నిలబడింది. మైదానంలో అక్షరం కట్టిన తొలి బ్యాండ్ తమదేనని వారు చెప్పుకుంటారు. అదే 1907లో హాఫ్‌టైమ్‌లో, అంటే ఆట మధ్య విరామంలో, ప్రదర్శన ఇచ్చి ఆ ఆనవాయితీకి ఆద్యులమయ్యామని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వారు చెప్పుకుంటారు.

అక్షరాలు అంత కచ్చితంగా రావడానికి కారణం మైదానమే. ఫుట్‌బాల్ మైదానంలో ప్రతి ఐదు గజాలకూ ఒక తెల్ల గీత ఉంటుంది. ఐదు గజాలంటే 180 అంగుళాలు. దాన్ని ఎనిమిది అడుగులు వేసి దాటాలన్నది చాలా బ్యాండ్లు పాటించే లెక్క. అంటే పొడుగువారైనా పొట్టివారైనా ఒక్కొక్క అడుగూ సరిగ్గా 22.5 అంగుళాలే వేయాలి. సంగీతంలోని ఎనిమిది మాత్రలు నేల మీది ఐదు గజాలతో ఇలా ముడిపడతాయి కనుక, పాటలో తాను ఎక్కడ ఉన్నదీ తెలిసిన విద్యార్థికి మైదానంలో ఎక్కడ ఉండాలో కూడా తెలిసిపోతుంది.

జవాబు: మంద్రం

నేను వేరొక విశ్వవిద్యాలయ బ్యాండ్‌లో నాలుగేళ్లు సూసాఫోన్ వాయించాను కనుక రెండో ప్రశ్న నాకు వదిలిపెట్టండి.

సూసాఫోన్ అంటే నడుస్తూ వాయించడానికి వీలుగా ఒంటి చుట్టూ తిప్పిన టూబా, అంటే మంద్ర స్వరాల పెద్ద ఇత్తడి వాద్యం. ప్రఖ్యాత బ్యాండ్ నాయకుడు జాన్ ఫిలిప్ సూసా కోరిక మేరకు 1890లలో తయారైంది కాబట్టి ఆయన పేరే నిలిచింది. ఇత్తడిది పదిహేను కిలోలకు పైబడి ఉంటుంది. ఆ బరువంతా ఎడమ భుజం మీదే పడుతుంది. మొదటి ఆగస్టు శిక్షణ ముగిసేసరికి నా భుజం మీద ఏర్పడిన నల్లని చార నెలల తరబడి పోలేదు. ఆ బరువుతో నడిచేటప్పుడు మడమ ముందు ఆనించి, పాదాన్ని నెమ్మదిగా వేళ్ల దాకా దొర్లించాలి. అడుగు దభీమని పడితే మౌత్‌పీస్ పళ్లకు తగిలి స్వరం చెదురుతుంది. నీళ్లు నిండుగా ఉన్న గ్లాసు తల మీద ఉందనుకుని నడవమని మాకు నేర్పారు. ఇంత చేసినా పాటలోని రాగం ఎప్పుడూ ట్రంపెట్లదే; మేము అడుగున ఆధార స్వరం పట్టుకుని ఉంటాము, వరుసల్లోనూ వెనుకే ఉంటాము. కాబట్టి ఒహాయో స్టేట్‌లో ఆ చుక్క మా వాద్యానికి దక్కడాన్ని సూసాఫోన్ పట్టిన ప్రతివారూ తమ గౌరవంగానే భావిస్తారు.

కానీ అది ఎవరో ఆలోచించి ఇచ్చిన గౌరవం కాదు. 1934లో దర్శకుడు యూజీన్ వీగెల్ ఆ బ్యాండ్‌ను ఇత్తడి వాద్యాలకూ డోళ్లకూ పరిమితం చేశారు. గాలిలో విమానం పొగతో రాసే ప్రకటనలు, న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో భవనం చుట్టూ కదిలే అక్షరాల పలక ఆయన మనసులో మెదిలి, 1936 అక్టోబరు 10న తొలి ‘స్క్రిప్ట్ ఒహాయో’ (గొలుసుకట్టు ఒహాయో) మైదానంలోకి వచ్చింది. ఆ రోజు చుక్కగా నిలిచింది ట్రంపెట్ వాయించే విద్యార్థి. మరుసటి ఏడాది రిహార్సల్‌లో వీగెల్ ఒక సూసాఫోన్ విద్యార్థిని పిలిచి ఆ ట్రంపెట్ విద్యార్థితో స్థానం మార్చుకోమన్నారు. 1938లో ఒక ప్రదర్శనలో డ్రమ్ మేజర్ ‘ఐ’ దగ్గరకు కొన్ని తాళాలు ముందే చేరుకోవడంతో పాట ఇంకా మిగిలిపోయింది. ఆ ఖాళీ నింపడానికి సూసాఫోన్ విద్యార్థి అప్పటికప్పుడు కాలు పైకి విసిరి, ఒక చుట్టు తిరిగి, వంగి నమస్కరించాడు. ప్రేక్షకులకు అది ఎంతగా నచ్చిందంటే, మీరు శనివారం చూసిన నమస్కారం దాని కొనసాగింపే. పొరపాటును కప్పిపుచ్చడానికి ఒక కుర్రవాడు చేసిన పని దాదాపు తొంభై ఏళ్లుగా ఆ విశ్వవిద్యాలయానికి గుర్తుగా నిలిచిపోయింది.

ఇప్పుడు ఆ అవకాశం నాలుగో లేదా ఐదో ఏడు బ్యాండ్‌లో ఉన్న సూసాఫోన్ విద్యార్థులకే వస్తుంది. బయటివారిని చుక్కగా నిలబెట్టడం చాలా అరుదు. హాస్యనటుడు బాబ్ హోప్, ఫుట్‌బాల్ శిక్షకుడు వుడీ హేస్, వ్యోమగామి జాన్ గ్లెన్ అలా గౌరవం పొందినవారిలో ఉన్నారు. స్త్రీలకు ఆ బ్యాండ్‌లో ప్రవేశం దొరికింది 1973లోనే, అదీ విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధించిన 1972 నాటి చట్టం వచ్చాక. మీరు చూసిన అమ్మాయి అక్కడ నిలబడటానికి అది కూడా ఒక కారణమని గుర్తుంచుకోవాలి.

జవాబు: ఏనార్బర్‌వాసి

మంద్రం గారు చెప్పినదానికి ఒక సవరణ చేర్చడం న్యాయమనిపిస్తోంది. ఒహాయో స్టేట్ స్టేడియంలోనే 1932లో ‘ఒహాయో’ అన్న మాటను గొలుసుకట్టుగా కట్టి చూపింది వారి ప్రత్యర్థి అయిన మిషిగన్ బ్యాండ్. ఈ వాదన మిషిగన్ విశ్వవిద్యాలయం ఉన్న మా ఏనార్బర్‌లో ఏటా వినిపిస్తుంది. అయితే నా అభిప్రాయంలో రెండూ ఒకటి కావు. మిషిగన్ వారు నిలబడి అక్షరాలుగా ఏర్పడ్డారు. ఒహాయో స్టేట్ వారు మన కళ్ల ముందే కలం కదిలినట్టు నడుస్తూ రాస్తారు. అక్షరాల మెలికల దగ్గర వరుస తనను తానే దాటుకుంటూ, ఎదురెదురుగా వచ్చేవారు ఒకరి మధ్యలోంచి ఒకరు సాగిపోవడం వారి సొత్తే.

జవాబు: డోలుదరువు

మూడో ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు. సంప్రదాయం ఒకటే కాదండీ. ఇంతవరకూ చెప్పినదంతా మధ్య పశ్చిమ రాష్ట్రాల కథ. దక్షిణాదిన నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన కళాశాలల్లో పూర్తిగా వేరే ధార ఉంది, అది లేకుండా ఈ చరిత్ర సగమే అవుతుంది.

ఫ్లోరిడా ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయ బ్యాండ్ 1892లో మొదలైంది. 1946లో విలియం ఫాస్టర్ దాని దర్శకుడయ్యారు, 1998 దాకా కొనసాగారు. తొడ నేలకు సమాంతరమయ్యేదాకా మోకాలు ఎత్తే నడక, అప్పటికి జనం నోళ్లలో ఉన్న పాటలు, వాయిస్తూనే నాట్యం కలిసిన ఆ శైలికి దేశవ్యాప్తంగా గుర్తింపు తెచ్చినవారిలో ఆయనే ముందుంటారు. కవాతు వేగం కూడా ఒకటే కాదు. అడుగు తీసి అడుగు వేయడానికి ఎంతో సేపు పట్టే నిదానపు నడక నుంచి, చూస్తుండగానే పరుగులాంటి వేగానికి ఆ బ్యాండ్ మారిపోతుంది. 1989లో ఫ్రెంచి విప్లవ ద్విశతాబ్ది ఊరేగింపులో పాల్గొనడానికి పారిస్‌కు ఆహ్వానం అందుకున్న బ్యాండ్ అదే. 1967లో జరిగిన మొదటి సూపర్ బౌల్ (వృత్తి ఫుట్‌బాల్ ఫైనల్) హాఫ్‌టైమ్‌లో వాయించినవారిలో లూసియానాకు చెందిన గ్రాంబ్లింగ్ బ్యాండ్ కూడా ఉంది. ఈ కళాశాలల ఆటలకు వెళితే ఒక విషయం కళ్లకు కడుతుంది: హాఫ్‌టైమ్‌లో ఎవరూ సీటు వదిలి లేవరు. ఆట ముగిశాక రెండు బ్యాండ్లూ గ్యాలరీల్లోంచి ఎదురెదురుగా వంతులు వేసుకుని వాయించే పోటీని, నాలుగు క్వార్టర్ల ఆటకు అది అదనపు భాగమన్నట్టు, ‘ఐదో క్వార్టర్’ అంటారు, దానికోసమే వచ్చేవారు ఎందరో.

సంప్రదాయమన్న మాటను మనం గౌరవంగా వాడుతున్నాము కనుక దాని చీకటి వైపు దాచడం సరికాదు. 2011 నవంబరులో ఫ్లోరిడా ఏ అండ్ ఎం బ్యాండ్‌కు చెందిన ఒక డ్రమ్ మేజర్ తోటి సభ్యుల ర్యాగింగ్ దెబ్బలకు చనిపోయాడు. బ్యాండ్‌ను నిలిపివేశారు, అది 2013లో గానీ తిరిగి మైదానంలోకి రాలేదు. కొట్టడాన్ని కూడా కొందరు తరతరాల ఆనవాయితీగా చెప్పుకునేవారు. నేను ఈ బ్యాండ్లను ప్రాణంగా ప్రేమిస్తాను, అందుకే ఈ మాట ఇక్కడ రాయకుండా ఉండలేకపోయాను.

ప్రశ్న అడిగినవారు: తూర్పుగాలి

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు చదివి నిన్న సాయంత్రం బ్యాండ్ సాధన చేసే మైదానానికి వెళ్లాను. పాతవారు సైతం ఏటా పరీక్షకు నిలబడి ఎంపిక కావాలనీ, ప్రత్యామ్నాయ సభ్యులు ప్రధాన వరుసలోని ఒకరిని సవాలు చేసి, నెగ్గితే ఆ వారం ప్రదర్శనలో వారి స్థానం తీసుకుంటారనీ అక్కడున్న ఒక విద్యార్థి చెప్పాడు. నేను చూస్తుండగానే ఇద్దరు అమ్మాయిలు పక్కపక్కన నిలబడి ఒకే బాణీని కాగితం లేకుండా వాయించి, ఒకే దూరం నడిచి చూపారు. గీత దగ్గరకు వచ్చేసరికి ఒకరి బూటు ముందు భాగం దాని మీద సరిగ్గా ఆగింది, రెండో అమ్మాయిది అరచేయి వెడల్పు దాటిపోయింది. ఎనిమిది అడుగులకు ఐదు గజాలన్న లెక్క నాకు అప్పుడు బోధపడింది.

మంద్రం గారికి ఒక చిన్న ప్రశ్న: సూసాఫోన్ గంట (స్వరం బయటికి వచ్చే వెడల్పాటి మూతి) మొదట్లో ఆకాశం వైపు తెరుచుకుని ఉండేదని అక్కడే విన్నాను. అది నిజమేనా?

జవాబు: మంద్రం

నిజమే. స్వరం బ్యాండ్ అంతటి మీదుగా పరుచుకోవాలన్నది సూసా ఉద్దేశం, కనుక తొలి వాద్యాల గంట పైకే ఉండేది. ముందుకు తిరిగిన గంట తర్వాత వచ్చింది. వాన పడితే నీళ్లన్నీ లోపలికే చేరతాయని పాతదాన్ని ‘వాన పట్టేది’ అని పిలిచేవారు.