'పోషకుడు', 'కృతిభర్త', 'రాయించుకొన్నవారు': ప్యారిస్ సంగీతానికి ఏ మాట తగును?

ప్రశ్న: రెండు ప్రపంచయుద్ధాల నడుమ ఫ్రాన్సులో డబ్బిచ్చి సంగీతరచనలు చేయించిన సంపన్నులపై ఒక వ్యాసం రాస్తున్నాను. వారిని 'పోషకులు' అంటే సరిపోతుందా? 'కృతిభర్తలు' అనడం అతి అవుతుందా? పెద్దలు చెప్పగలరు.

జవాబు: 'పోషకుడు' తప్పేమీ కాదు. అయితే ఆ మాట వినగానే కళాకారుడికి ఇల్లు గడిచేలా చూసిన దాత మనసులో మెదులుతాడు. అలాంటి సాయమూ జరగకపోలేదు: 1917లో ఒక విమర్శకుడికి దురుసు కార్డులు రాసి స్వరకర్త ఎరిక్ సాటీ పరువునష్టం కేసులో చిక్కుకొన్నప్పుడు డబ్బు సమకూర్చినది ప్యారిస్ సంపన్నురాలు ప్రిన్సెస్ ద పొలిన్యాక్. కానీ ఆమె ముద్ర సంగీతంపై పడినది ఆ దానం వల్ల కాదు, ఏమి కావాలో ముందుగా చెప్పి రాయించుకోవడం వల్ల.

ఆమె అసలు పేరు వినరెట్టా సింగర్; మన ఇళ్ళలోనూ తెలిసిన సింగర్ కుట్టుమిషను వ్యాపారాన్ని నెలకొల్పిన ఐజాక్ సింగర్ కుమార్తె. వాగ్నర్, స్ట్రౌస్‌ల మహావాద్యబృందాల రోజులు చెల్లిపోయాయని భావించి, ఇరవైమంది వరకు వాద్యకారులతో సరిపోయే చిన్న రచనల కోసం ఆమె స్వరకర్తలను అడగసాగారు. స్ట్రవిన్‌స్కీ 'రెనార్', సాటీ 'సోక్రాత్', మాన్యుయెల్ ద ఫాయా బొమ్మలాట నాటకం అలా పుట్టినవే. యుద్ధానంతర ప్యారిస్ సంగీతం పొదుపైన, పలచని ధ్వని వైపు మళ్ళడానికి కారణాలు అనేకం. వాటిలో ఆమె ఇంట కచేరీలు జరిగిన హాలు కొలతలు కూడా ఒకటని నా అభిప్రాయం.

ఫాయా నాటకాన్ని 1923 జూన్‌లో ఆమె ఇంట ప్రదర్శించినప్పుడు వాండా లాండోవ్‌స్కా హార్ప్సికార్డ్ (పియానోకు ముందుతరం మెట్ల వాద్యం) వాయించారు. అక్కడ లాండోవ్‌స్కాతో పరిచయమైన స్వరకర్త పూలాంక్, తరువాత లాండోవ్‌స్కా కోసమే 'కాన్సేర్ షాంపేత్ర్' రాశారు. ప్రిన్సెస్ అడగని కృతికి కూడా ఆమె ఇల్లే కారణమైందన్నమాట. ఇక పూలాంక్ ఆర్గన్ కచేరీ రచనను (కన్సర్టో) 1934లో కోరినది ప్రిన్సెసే. ఆర్గన్ వాయించే అలవాటున్న మనిషి గనుక, తాను వాయించుకోగలిగేంత సులువుగా ఉండాలన్నది మొదటి ఆలోచన. పూలాంక్ చేతిలో అది అంత సులువుగా మిగలలేదు. 1938 డిసెంబరులో ఆమె ఇంట్లో నాదియా బూలాంజే బృందాన్ని నడపగా, ఆర్గన్ వాయించినది మోరిస్ ద్యూరుఫ్లే.

ఇప్పుడు 'కృతిభర్త' సంగతి. మనుచరిత్రకు కృష్ణదేవరాయలు కృతిభర్త అన్నప్పుడు మనం చెప్పేది ప్రధానంగా అంకితం గురించి. రచన కన్య, అంకితం పొందినవాడు వరుడు. రవెల్ 1899 నాటి 'పవాన్'ను ప్రిన్సెస్‌కే అంకితమిచ్చినా, అది ఆమె రాయించుకొన్నది కాదు. అంకితమూ నిర్దేశమూ వేరని పాఠకుడికి తెలియాలంటే 'కృతిభర్త' చాలదు. పైగా మీ వ్యాసంలో ముఖ్యులు ఎక్కువగా స్త్రీలే కావడంతో 'భర్త' కొంత ఇబ్బంది పెడుతుంది.

అందుకే 'రాయించు', 'రాయించుకొను' అనే క్రియలకే నా ఓటు. తన ఇంటి కోసమో, తన చేతి కోసమో అడిగినవారు రాయించుకొన్నారు. పొలిన్యాక్, యుద్ధంలో కుడిచేతిని కోల్పోయి రవెల్‌తో ఎడమచేతి కచేరీ రచన చేయించిన పియానో వాద్యకారుడు పౌల్ విట్‌గెన్‌స్టైన్ ఈ కోవలోకి వస్తారు. అలాంటి సొంత అవసరం లేకుండా డబ్బిచ్చి చేయించినవారు రాయించారు; రవెల్‌తోనే 'మడగాస్కర్ పాటలు' చేయించిన అమెరికా మహిళ ఎలిజబెత్ స్ప్రేగ్ కూలిడ్జ్ ఈ కోవ.

మరొక సభ్యుని సందేహం: 'రాయించుకొన్నారు' అంటే స్వరకర్త దస్తావేజులేఖరి స్థాయికి దిగిపోడా?

జవాబు: వాక్యంలో కర్త ఎవరో చూసుకుంటే ఆ ప్రమాదం తప్పుతుంది. నర్తకి ఇదా రూబిన్‌స్టైన్ రవెల్‌ను అడిగినది అల్బేనిజ్ పియానో రచనలను వాద్యబృందానికి మార్చి ఇమ్మని. ఆ హక్కులు మరొకరి వద్ద ఉండడంతో రవెల్ సొంతంగా 'బొలెరో' రాశారు, 1928లో దానిపై ఆమె నర్తించారు. అక్కడ 'రూబిన్‌స్టైన్ నృత్యరచన కోరారు, రవెల్ బొలెరో ఇచ్చారు' అని రెండు క్రియలు పెట్టాలి. విట్‌గెన్‌స్టైన్ విషయంలోనూ అంతే: తాను రాయించుకొన్నదానిలో స్వరాలు మార్చి వాయించినందుకు రవెల్ ఆగ్రహించారు, డబ్బిచ్చినవాడి హక్కు ఎంతవరకో ఆ తగవులోనే కనిపిస్తుంది. వ్యాసం శీర్షికలో మాత్రం 'పోషకులు' అనే ఉంచండి, పాఠకులు వెతికేది ఆ మాటతోనే.