ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ ప్యాక్‌లో ఒక్క సెల్ బలహీనపడితే దాన్ని మాత్రమే మార్చవచ్చా?
నల్లగొండలో నడిపే మా ఈ-ఆటోకు లెడ్ యాసిడ్ బ్యాటరీలు తీసేసి, 16 సెల్స్ గల 51.2 వోల్టుల, 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) సామర్థ్యం గల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్ వేయించి 14 నెలలైంది. మొదట్లో 80 కిలోమీటర్లు వచ్చేది. ఇప్పుడు 45 దాటితే చాలు, మీటరులో సగం ఛార్జింగ్ కనిపిస్తుండగానే పానగల్లు దారిలో బండి ఉన్నట్టుండి ఆగిపోతోంది. ఈ రకం బ్యాటరీలో వోల్టేజీ చివరిదాకా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి మీటరును నమ్మడం మానేశాను.

58.4 వోల్టుల కొత్త ఛార్జరు తెచ్చాను, టెర్మినళ్లు శుభ్రం చేసి బిగించాను, సెల్స్ అన్నీ సమాన స్థాయికి వచ్చేలా రెండు రాత్రులు బ్యాలెన్సింగుకు వదిలాను. ఫలితం లేదు. మల్టీమీటరుతో చూస్తే, బండి ఆగినప్పుడు 11వ సెల్ 2.5 వోల్టులకు పడిపోగా మిగిలినవన్నీ 3.2 దగ్గరే ఉన్నాయి. ఛార్జింగులో మళ్లీ అదే సెల్ అన్నిటికంటే ముందు 3.65కు చేరడంతో బీఎంఎస్ (సెల్స్‌ను కాపాడే బ్యాటరీ నియంత్రణ సర్క్యూట్) ఛార్జింగును ఆపేస్తోంది.

ఆ ఒక్క సెల్ స్థానంలో అదే సామర్థ్యం గల కొత్తది వేస్తే, 14 నెలలు వాడిన మిగతా 15 సెల్స్‌తో అది సరిగా కలిసి పనిచేస్తుందా?