బాల్కనీ ఉంచాలా, హాల్లో కలిపేయాలా?

మధురవాడ కొత్త ఫ్లాట్:
విశాఖ మధురవాడలో టూ బీహెచ్‌కే బుక్ చేశాం, ఇంకా గోడల స్టేజిలోనే ఉంది. హాలు ముందు తూర్పు వైపు 3 అడుగుల బాల్కనీ. బిల్డర్ ఏమో మధ్యలో గోడ లేపకుండా హాల్లో కలిపేసి అద్దాలు పెట్టించేస్తా, అందరూ అదే చేయించుకుంటున్నారు అంటున్నాడు. మా ఆవిడ ససేమిరా అంటోంది, సాయంత్రం ఇద్దరం అక్కడ కూర్చుని టీ తాగాలట. మీరేమంటారు?

ఎంవీపీ మావయ్య:
కలిపేయండి బాబూ. ఆ టీ ముచ్చట గృహప్రవేశం అయిన వారం దాకానే. తర్వాత దండెం, ఖాళీ గ్యాస్ బండ, అట్టపెట్టెలు, పైన పావురాలు. మా అపార్ట్‌మెంట్లో ఏ బాల్కనీ చూసినా లుంగీలూ నైటీలే, ప్రేమికులెవరూ కనపళ్ళేదు. ఆ రోమియో జూలియట్ నాటకంలో కూడా షేక్స్‌పియర్ రాసింది కిటికీయే, బాల్కనీ ఊసే లేదు. ఇటలీలోని వెరోనాలో టూరిస్టులకి చూపించే జూలియట్ బాల్కనీ 20వ శతాబ్దంలో పాత ఇంటికి తగిలించింది. మన రుక్మిణమ్మ బ్రాహ్మణుడితో కబురంపి పని కానిచ్చేసింది, సీ వ్యూ అడిగిందా?

ఉప్పుగాలి:
మావయ్యగారూ, కిటికీ అయితేనేం బాల్కనీ అయితేనేం, మాట అందుతుంది చెయ్యి అందదు, ఆ సీను ఇన్నాళ్ళు నిలబడింది అందుకే కదా. లేనిది కట్టి మరీ చూపిస్తున్నారంటే జనానికి అది కావాలనేగా! లుంగీలంటారా, అది బట్టలుతికి ఆరేసుకునే యుటిలిటీ ఇవ్వని ప్లాన్ తప్పు, బట్టలు ఎక్కడో అక్కడ ఆరాలి.

అసలు తగువు 3 అడుగుల దగ్గరండీ. దాంట్లో కుర్చీ వేస్తే మోకాళ్ళు రైలింగుకి కొట్టుకుంటాయి, ఎదురెదురుగా కూర్చోడం కుదరదు, ఒకరు లోపలికెళ్ళాలంటే రెండోవాళ్ళు గ్లాసు పట్టుకుని లేవాలి. 5 అడుగులుంటే అది గది కింద లెక్క. మీది 3 అయినా నేను కలపొద్దనే అంటాను, ఎందుకంటే మన ఊళ్ళో తూర్పు బాల్కనీకి ఎండ పొద్దుటిపూటే, మధ్యాహ్నం దాటాక బిల్డింగ్ నీడ పడుతుంది, సముద్రం గాలి కూడా సరిగ్గా ఆ టైముకే. స్లైడింగ్ అద్దం పెడితే సగమే తెరుచుకుంటుంది, గాలీ సగమే. హుద్‌హుద్ తుఫాను రోజు, 2014 అక్టోబర్ 12న, బీచ్ రోడ్ వైపు అద్దాలు ఏమయ్యాయో మర్చిపోయారా? ఇంకోటి, ఆ శ్లాబు గోడలోంచి బయటికి వేలాడేది అయితే దాని అంచున అద్దాల కింద కొత్తగా ఇటుక గోడ లేపే ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని అడగండి, బిల్డర్ మాట చాలదు.

సాగర్‌నగర్ కోడలు:
రొమాన్స్ సరే, రైలింగ్ ఎవరు తుడుస్తారు? మాది మామూలు ఇనుము. వెల్డింగ్ అతుకుల దగ్గర తుప్పు మొదలై వాన పడ్డప్పుడల్లా గోడ మీదకి గోధుమరంగు చారలు కారుతున్నాయి, సాయంత్రం చెయ్యి వేస్తే జిగటగా ఉప్పు. స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టించుకుంటే 304 గ్రేడు కాదు, 316 గ్రేడు అడగండి, రేటెక్కువే గానీ ఉప్పుకి బాగా ఆగుతుంది. దాన్నీ మంచినీళ్ళతో కడగాల్సిందే. నా ఓటు ఉంచమనే, కడిగే డ్యూటీ మాత్రం మీ ఆయనకి అని మీ ఆవిడకి చెప్పండి.

మధురవాడ కొత్త ఫ్లాట్:
డ్యూటీ మాట ఆవిడకి చెప్పను 😀 మరి హాల్లో కలిపితే కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల వాడుకునే చోటు, పెరుగుతుంది, మీకే లాభం అంటున్నాడే?

ఎంవీపీ మావయ్య:
అక్కడ నేను మీ ఆవిడ పార్టీ. 2016 రెరా (రియల్ ఎస్టేట్) చట్టంలో కార్పెట్ ఏరియాలోకి బాల్కనీ రాదు. అప్రూవ్డ్ ప్లాన్‌లో బాల్కనీ అని ఉన్నదాన్ని హాలు కింద లెక్కేసి డబ్బులడిగితే ఒప్పుకోకండి. అగ్రిమెంట్లో కార్పెట్ ఎంత రాశాడో చూసి ఇక్కడ పెట్టండి, అప్పుడు తిడదాం.