టర్కీ మహిళా డిఫెండర్ల కెరీర్‌లో సొంత ఊరి పాత్ర ఎంత?

ప్రశ్న

టర్కీ మహిళల ఫుట్‌బాల్‌ను, అందులోనూ డిఫెండర్ల (ప్రత్యర్థులు గోల్ చేయకుండా అడ్డుకునేవారి) ఆటను, కొంతకాలంగా శ్రద్ధగా గమనిస్తున్నాను. ఇస్తాంబుల్ క్లబ్బు బెషిక్తాష్‌కూ జాతీయ జట్టుకూ ఆడిన దిదెమ్ కరాగెంచ్ వంటి వారి గురించి వెతికితే పుట్టిన ఊరు, ఆడిన క్లబ్బుల వరుస తప్ప పెద్దగా ఏమీ దొరకడం లేదు. క్రీడాకారిణుల జాబితాలు తిరగేస్తుంటే ఇస్తాంబుల్, ఇజ్మిర్ నగరాల క్లబ్బుల సరసన కరదెనిజ్ ఎరెగ్లి, హక్కారి వంటి ఊళ్ల క్లబ్బులూ కనిపిస్తాయి. ఒక డిఫెండర్ ఎదుగుదలలో ఆమె ఊరి పాత్రను ఎలా అంచనా వేయాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం

పుట్టిన ఊరి కంటే, ఆమెకు తొలి లైసెన్సు (క్రీడాకారిణిగా నమోదు) ఇప్పించిన క్లబ్బు ఏ ఊరిదో చూడడం మేలని నా అభిప్రాయం. టర్కీలో మహిళల లీగ్ 1993-94లో మొదలై, 2003లో ఆగిపోయి, మళ్లీ 2006లో గానీ ప్రారంభం కాలేదు. ఫెనర్‌బాచె, గలతసరాయ్ వంటి సంపన్న క్లబ్బులు మహిళల జట్లను ఏర్పాటు చేసింది 2021లోనే. అంతవరకు ఆడపిల్లలకు మైదానమూ శిక్షకులూ సమకూర్చిన భారంలో చాలా భాగం పురపాలక సంఘాల క్లబ్బులూ, చిన్నాచితకా స్థానిక క్లబ్బులూ మోశాయి. ఇజ్మిర్‌లోని కొనాక్ పురపాలక క్లబ్బు 2013 నుంచి 2017 వరకు వరుసగా 5 సార్లు లీగ్ విజేతగా నిలవడమే కాక, 2013-14లో ఐరోపా క్లబ్బుల పోటీ అయిన మహిళల ఛాంపియన్స్ లీగ్‌లో చివరి 16 జట్లలో చోటు సంపాదించింది. నల్లసముద్ర తీరాన ఉక్కు కర్మాగారం నీడలో పెరిగిన ఎరెగ్లి కూడా పురపాలక క్లబ్బు ద్వారానే ఈ పటంలోకి వచ్చింది. ఇటువంటి క్లబ్బు ఉన్న ఊళ్లో పెరగడం, లేని ఊళ్లో పెరగడం ఒకటి కావు. ఆ తేడాను పుట్టిన ఊరి పేరు చెప్పదు.

రెండవ సమాధానం

పై మాటతో ఏకీభవిస్తూ ఒక్కటి చేరుస్తాను. జాతీయ జట్టుకు ఆడినవారిలో జర్మనీకి వలస వెళ్లిన కుటుంబాల అమ్మాయిలూ ఉన్నారు. వారు ఆట నేర్చింది అక్కడి క్లబ్బుల్లో కాబట్టి, తాతల ఊరిని బట్టి వారి ఆటను అంచనా వేయడం సరికాదు.

మూడవ సమాధానం

హక్కారి ప్రస్తావన వచ్చింది కాబట్టి రాస్తున్నాను. ఇరాక్ సరిహద్దును ఆనుకున్న ఆ కొండ ప్రాంతం నుంచి హక్కారిగూజు జట్టు అగ్రశ్రేణి లీగ్‌కు చేరడం నా దృష్టిలో ఏ కప్పుకూ తీసిపోదు. ఇస్తాంబుల్‌లో ఒక మ్యాచ్ ఆడాలంటే ఆ అమ్మాయిలు వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. అయినా ఇల్లు విడిచి మరో నగరానికి వలస పోకుండా అగ్రశ్రేణిలో ఆడే అవకాశం వారికి ఆ క్లబ్బు వల్లే దక్కింది.

ఇక డిఫెండర్ కెరీర్‌ను గణాంకాల్లో వెతకదలచుకుంటే గోల్స్ గడి మీద ఆధారపడకండి, అందులో సున్నాలే ఎక్కువగా కనిపిస్తాయి. ఒక సీజన్‌లో ఆమె ఎన్ని మ్యాచ్‌లు ఆడిందో, ఆ సీజన్‌లో జట్టు ఎన్ని గోల్స్ సమర్పించుకుందో పక్కపక్కన పెట్టి చూడండి. 2021-22లో సూపర్ లీగ్ (టర్కీ మహిళల అగ్రశ్రేణి లీగ్) 24 జట్లతో రెండు గ్రూపులుగా జరిగింది గనుక, ఆ సీజన్‌కు మాత్రం ఒకే గ్రూపులోని జట్లను పోల్చడం న్యాయం.