గినీ పిగ్స్‌ని హాల్లోంచి పెరట్లోకి మార్చాలి, గూడు ఎలా కట్టించాలి?

ప్రశ్న (హైదరాబాద్ శివారు, సొంతిల్లు)

రెండు ఆడవి, ఏడాది వయసు. ఇప్పటిదాకా హాల్లోనే ఉన్నాయి. ఎండుగడ్డి దుమ్ము పిల్లలకి పడటం లేదు. పెరట్లో వేపచెట్టు ఉంది, డాబా మీదా చోటుంది. కోళ్ల జాలీ, పైన రేకు చాలంటున్నాడు కార్పెంటర్. ఎప్పుడు మార్చాలి? పెరట్లో గరిక బాగా ఉంది, దాని మీద వదిలేయొచ్చా?

జవాబు 1

డాబా వద్దండి. పగలంతా కాగిన శ్లాబు రాత్రి పదింటికి కూడా సెగ కక్కుతూనే ఉంటుంది. చెట్టు కిందే నయం. ఇంటికి తూర్పు పక్కనైతే మధ్యాహ్నం నుంచి గోడ నీడ కూడా కలిసొస్తుంది.

కోళ్ల జాలీ కోడిని లోపల ఆపుతుంది గానీ కుక్కనో పందికొక్కునో బయట ఆపలేదు. అరంగుళం గళ్ల జీఐ వెల్డ్ మెష్ (జింకు పూత పూసి, కలిసే చోటల్లా వెల్డింగ్ చేసిన ఇనుప జాలీ) తెప్పించండి. స్టేపుల్ పిన్నులతో సరిపెడితే పిల్లి పంజాతో లాగినప్పుడు ఊడొస్తుంది, కాబట్టి అంచుల మీద చెక్క రీపర్లు పెట్టి స్క్రూలు బిగించమనండి. గడియ ఒక్కటే పెడితే కోతులు తీసేస్తాయి, చిన్న తాళం కూడా వేయండి.

గూడు నేల కనీసం 5 అడుగులు × 2 అడుగులు, భూమికి రెండడుగుల ఎత్తున. అడుగున జాలీ వేయొద్దు, పాదాలకి పుండ్లు పడతాయి. 12 ఎంఎం మెరైన్ ప్లై (తేమని తట్టుకునే ప్లైవుడ్) వేసి పైన పీవీసీ షీటు పరిచి, ముందుకి అంగుళం వాలు పెడితే మూత్రం నిలవదు. లోపల పడుకునే పెట్టెకి రెండు ద్వారాలుండాలి. ఒకటే ఉంటే పెత్తనం చేసేది అడ్డంగా కూర్చుని రెండోదాన్ని రానివ్వదు.

చీమలకి కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడతారు కదా, ఆ నీళ్లు రెండు మూడు రోజులకోసారి పారబోయండి. లేకపోతే దోమలు పెరుగుతాయి.

జవాబు 2

గూడు సంగతి పైన చెప్పినట్టే. కానీ మన దగ్గర అసలు శత్రువు ఎండ. వీటికి 18 నుంచి 24 డిగ్రీలు హాయి. 27 దాటితే జాగ్రత్తపడాలి, 30 దాటితే వడదెబ్బ ఎప్పుడైనా తగలొచ్చు. ఒట్టి రేకు కింద అయితే ఇంకా ఘోరం. ప్లై కప్పు వేసి, దాని మీద నాలుగంగుళాల ఖాళీ వదిలి రేకు వేయించండి. ఆ సందులో గాలి ఆడాలి.

గూడు తయారయ్యాక వెంటనే వాటిని పెట్టొద్దు. పడుకునే పెట్టెలో థర్మామీటర్ ఉంచి మూడు నాలుగు రోజులు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య చూడండి. చెట్టు నీడలో కొలిస్తే వచ్చే అంకె వేరు, పెట్టె లోపలిది వేరు.

వానలు తగ్గి ఎండ చల్లబడ్డాక, అక్టోబరు చివర్లో మొదలుపెట్టండి. డిసెంబరు చలికి ముందే అలవాటుపడతాయి. రాత్రి 15 కిందికి దిగితే పెట్టె నిండా ఎండుగడ్డి కూరి, గాలి కొట్టే వైపు గోనెపట్టా కట్టండి. మొత్తం మూసేయొద్దు, తేమ పట్టి ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. మార్చి నుంచి జూన్ మధ్య దాకా మాత్రం మళ్లీ లోపలే. గుడ్డ చుట్టిన ఐసు బాటిళ్లు 40 డిగ్రీల ముందు ఆగవు.

చొంగ కారుస్తూ, ఒగరుస్తూ, పక్కకి ఒరిగిపోతే అది వడదెబ్బే. చెవులు, పాదాలు మామూలు చల్లటి నీళ్లతో తడిపి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఐసు నీళ్లు పోయకూడదు.

జవాబు 3

గరిక మంచిదే, కానీ ఒక్కసారిగా వదిలితే కడుపు ఉబ్బుతుంది. గుప్పెడుతో మొదలుపెట్టి రెండు వారాల్లో పెంచండి. పురుగుమందు కొట్టిన చోటిది వద్దు. కోసి కుప్పపోసినది వేడెక్కి పులుస్తుంది, అదీ వద్దు. ఎండుగడ్డి ఎప్పుడూ ముందుండాలి, వరిగడ్డి దానికి సాటిరాదు. విటమిన్ సి వీటి ఒంట్లో తయారవదు కాబట్టి రోజూ క్యాప్సికం ముక్క తప్పనిసరి.

వానాకాలంలో రోజూ వెనక భాగం చూడండి. తడిగా, మురికిగా ఉంటే ఈగలు గుడ్లు పెడతాయి, ఒక్క రోజులోనే పురుగులు పడతాయి. వారానికోసారి వంటింటి త్రాసు మీద తూచండి. పూట తిండి మానినా, పెంటికలు చిన్నవైనా డాక్టరుకి చూపించడం రేపటికి వాయిదా వేయొద్దు.

ప్రశ్న అడిగినవారు

మార్చిలో లోపలికి తెస్తే మళ్లీ దుమ్మే కదండీ?

జవాబు 2

హాల్లో కాదండి, గాలి ఆడే వాష్ ఏరియాలో పెట్టండి. గడ్డి మోపు బయటే ఉంచి, అక్కడే దులిపి, ఆ రోజుకి కావలసినంతే లోపలికి తెండి. కింద గడ్డికి బదులు ఫ్లీస్ బట్ట (మెత్తటి దుప్పటి గుడ్డ) పరిచి రోజూ దులిపేస్తే దుమ్ము చాలావరకు తగ్గుతుంది.