31 మెషీన్లకి ఒకటే రూట్ పాస్‌వర్డ్. యాక్సెస్ టూల్స్ వాడినవాళ్లు కాస్త చెప్పండి

ర్యాక్‌తలుపు (భీమవరం):

నమస్కారం అండి. భీమవరం పక్కన ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో సిస్టమ్స్ చూస్తుంటాను. ఐటీ డిపార్ట్‌మెంట్ అంటే నేనూ, నాతో ఒక కుర్రాడూ, అంతే. మెషీన్లు మొత్తం 31, సగం లైనక్స్, సగం విండోస్. ఈఆర్‌పీ (కొనుగోళ్లు, స్టాకు, లెక్కలు అన్నీ చూసే సాఫ్ట్‌వేర్), దాని డేటాబేస్, కోల్డ్ స్టోరేజీలో మైనస్ 18 దాటి పైకి పోయిందా అని రాసుకునే టెంపరేచర్ లాగర్లు, కెమెరాల సర్వరు, ఇలాంటివి. వీటిలోకి మేమే కాదు, ఈఆర్‌పీ వెండరు వాళ్లు చెన్నై నుంచి, కంప్రెసర్ ప్యానెల్ చూసేవాళ్లు హైదరాబాద్ నుంచి దిగుతుంటారు.

ఇప్పటిదాకా పద్ధతి ఏంటంటే ఒక వీపీఎన్ (బయటి నుంచి మా నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి) ఉంది, అది దాటి లోపలికొస్తే అన్నిటికీ ఒకటే రూట్ పాస్‌వర్డ్, అంటే మెషీన్‌లో ఏదైనా చెయ్యగల అకౌంటుది. అది కూడా ర్యాక్ తలుపు లోపలివైపు మార్కర్‌తో రాసుంటుంది (నేను రాయలేదు, చేరేసరికే ఉంది, ఇక్కడ నా పేరు అలా వచ్చిందే). కిందటి వారం బ్యాకప్ సర్వర్‌లో ఏదో వెతుకుతూ ఆథరైజ్డ్ కీస్ ఫైలు తెరిచాను, పాస్‌వర్డ్ లేకుండా ఏయే కంప్యూటర్ల కీలతో లోపలికి రావచ్చో రాసుండే ఫైలు అది. 17 లైన్లు. లైను చివర ఉండే పేర్లు చదువుకుంటూ పోతే ఆరు ఎవరివో అంతుపట్టలేదు. ఒకటి మాత్రం గుర్తుపట్టాను, రెండేళ్ల కిందట మానేసి హైదరాబాద్ వెళ్లిపోయిన కుర్రాడి లాప్‌టాప్ అది. వాడు మంచోడే, సంక్రాంతికి వస్తే ఇప్పటికీ కలుస్తాడు. ఫోన్ చేసి అడిగితే ఆ లాప్‌టాప్ ఎప్పుడో అమ్మేశానన్నా, ఎవరికో గుర్తులేదన్నాడు. అక్కడ మొదలైంది నాకు టెన్షన్.

ఎండీ గారికి చెబితే "మనం అమ్మేది రొయ్యలు కదయ్యా, మన కంప్యూటర్లలోకి ఎవడొస్తాడు" అన్నారు. కానీ టెంపరేచర్ రికార్డుల్లో ఎవరు చెయ్యి పెట్టగలరు, పెడితే తెలుస్తుందా అని ఆడిట్‌కి వచ్చినవాళ్లు అడిగారట, దాంతో "సరే ఏదో ఒకటి చూడు, మరీ ఖర్చు పెట్టించకు" అన్నారు.

ఎవరు ఏ మెషీన్లోకి వెళ్లొచ్చో ఒకేచోట నుంచి చూసుకునే టూల్స్ అట, టెలిపోర్ట్, బౌండరీ, గ్వాకమోలీ అని పేర్లు చదివాను. సేల్స్ వాళ్ల మాటలు వద్దు, వాడి చెడినవాళ్లూ బాగుపడినవాళ్లూ చెప్పండి. కరెంటు పోయినా, నెట్ పోయినా పని ఆగకూడదు, మా వైపు సంగతి మీకు తెలిసిందేగా.

ఉప్పుటేరు (కాకినాడ):

టెలిపోర్ట్ మేం మూడేళ్లుగా వాడుతున్నాం, నచ్చింది, కానీ మీరు మొదలుపెట్టే ముందు ఒకటి చూసుకోండి. 2024లో వచ్చిన 16వ వెర్షన్ నుంచి వాళ్ల కమ్యూనిటీ ఎడిషన్ (డబ్బులు కట్టక్కర్లేని రకం) రెడీమేడ్ ఫైళ్లకి లైసెన్స్ మారింది. కంపెనీలో 100 మందికి మించి ఉద్యోగులున్నా, ఏడాది రాబడి కోటి డాలర్లు దాటినా ఫ్రీ కాదు, కొనుక్కోవాలి. కోటి డాలర్లంటే మన లెక్కలో 80 కోట్లకి పైమాటే, రొయ్యల ఎగుమతికి అదేం పెద్ద అంకె కాదు. షెడ్డులో తలలు తీసే ఆడవాళ్లని ఉద్యోగుల లెక్కలో వేస్తారా అన్నది మీ అకౌంట్స్ వాళ్లని అడగండి, నన్నడక్కండి :) సోర్స్ కోడ్ ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద ఉంది, సొంతంగా బిల్డ్ చేసుకుంటాం అంటే అది వేరే దారి, ఇద్దరున్న టీముకి నేనైతే చెప్పను.

ఇక వాడకం సంగతి. పొద్దున్నే లాగిన్ అవుతారు, ఫోన్‌లో ఓటీపీ కొడతారు, 12 గంటలు పనిచేసే సర్టిఫికెట్, అంటే గడువున్న డిజిటల్ పాస్ లాంటిది, వస్తుంది. సాయంత్రానికి అది చచ్చిపోతుంది. అంటే ఆ కుర్రాడు లాప్‌టాప్ అమ్మినా, కాలవలో పారేసినా, మర్నాటికి అందులో ఉన్నది చెల్లని కాగితమే. మానేసినవాడి కీ ఏ మెషీన్లో మిగిలిందో అని 31 చోట్ల వెతుక్కునే పని ఉండదు, ఒక్కచోట యూజర్‌ని తీసేస్తే సరి. లైనక్స్, విండోస్ డెస్క్‌టాప్, డేటాబేస్ అన్నీ ఒకే తలుపులోంచి పోతాయి, ఎవరు ఏం కొట్టారో సినిమాలా వెనక్కి తిప్పి చూడొచ్చు.

ఈ 12 గంటల దగ్గరే మాకు మొదట్లో తగువులొచ్చాయి. మా నైట్ షిఫ్ట్ అబ్బాయి మధ్యాహ్నం రెండింటికి ఇంటి దగ్గర ఒకసారి లాగిన్ అయి చూసుకుని, రాత్రి డ్యూటీకి వచ్చేవాడు. తెల్లవారుజామున రెండింటికి కొత్త మెషీన్లోకి వెళ్లబోతే రానివ్వలేదు. ఫోన్ ఛార్జింగ్‌లో కింద రూములో ఉంది, ఓటీపీ కోసం మెట్లు దిగి ఎక్కాడు పాపం, పొద్దున్న నన్ను తిట్టినంత పని చేశాడు. అదే సమయంలో అప్పటికే తెరిచి ఉన్న సెషన్ మాత్రం తెగలేదు. గడువు అయిపోయినా తెరిచిన సెషన్ నడుస్తూనే ఉంటుంది, తెంపెయ్యాలంటే దానికి సెట్టింగ్ విడిగా పెట్టాలి. ఇది తెలియక చాలామంది అంతా భద్రం అనుకుంటారు.

కొబ్బరిమట్ట (అమలాపురం):

31 మెషీన్లకి ఇంత సరంజామా ఎందుకండీ? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. లైనక్స్ మెషీన్లలోకి దూరం నుంచి లాగిన్ అవ్వడానికి వాడే ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్‌లోనే సర్టిఫికెట్లు 2010 నుంచి ఉన్నాయి, ఎవరూ వాడరు గానీ. ఒక సీఏ కీ (సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టే కీ) చేసుకోండి, దాన్ని నమ్మమని ప్రతి లైనక్స్ సర్వర్ కాన్ఫిగ్‌లో ఒక్క లైను, ఎవరైనా పని ఉందంటే ఎనిమిది గంటలు మాత్రమే చెల్లేలా సంతకం పెట్టి ఇవ్వండి. సర్టిఫికెట్లో మీరు రాసిన పేరు సర్వర్ లాగ్‌లో పడుతుంది, రూట్‌గా లోపలికొచ్చినా ఆ రూటు ఎవరో తెలుస్తుంది. ఆథరైజ్డ్ కీస్ ఫైళ్లు మొత్తం ఖాళీ చేసెయ్యండి. పైసా ఖర్చు లేదు, లైసెన్స్ మారుతుందన్న భయమూ లేదు. 2023 ఆగస్టులో బౌండరీ వాళ్లూ లైసెన్స్ మార్చారు, గుర్తుందిగా. సొంత కంపెనీలో వాడుకోడానికి అడ్డేం లేదు గానీ సెషన్ రికార్డింగ్ కావాలంటే డబ్బులు కట్టే ఎడిషనే.

ఆ సీఏ కీ ఉన్న లాప్‌టాప్‌ని మాత్రం మీ బీరువా తాళాల్లా చూసుకోవాలి. నేను పాత లాప్‌టాప్ ఒకటి నెట్ లేకుండా దానికే పెట్టాను.

ర్యాక్‌తలుపు:

@కొబ్బరిమట్ట గారూ, లైనక్స్ వరకు మీ మాట బాగుంది, పూర్తిగా నచ్చింది. మరి విండోస్ సగం ఉన్నాయి కదా? చెన్నై వెండరుకి ఈఆర్‌పీ డేటాబేస్ కావాలంటే రిమోట్ డెస్క్‌టాప్ తప్ప వేరే దారి రాదు, వాళ్లలో వారానికో కొత్త మనిషి దిగుతాడు. పైగా రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి ఇప్పుడే కావాలి అంటారు, సంతకం పెట్టడానికి నేను మంచం దిగాలా?

పాతలాంచీ (నరసాపురం):

వెండర్ల కోసమైతే అపాచీ గ్వాకమోలీ పెట్టుకో తమ్ముడూ, మిగతాది తర్వాత చూసుకోవచ్చు. వాళ్ల వైపు ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, బ్రౌజర్‌లో లింకు తెరుస్తారు, పాస్‌వర్డ్ ప్లస్ ఓటీపీ, నువ్వు చూపించిన ఒక్క మెషీన్ తప్ప ఇంకోటి కనపడదు. అసలు విండోస్ పాస్‌వర్డ్ వాళ్లకి చెప్పనే చెప్పం, అది గ్వాకమోలీ లోపలే ఉంటుంది. కాపీ పేస్టు, ఫైళ్లు దించుకోవడం కట్టెయ్యొచ్చు. నీకు వీపీఎన్ ఇవ్వాల్సిన బాధా తప్పుతుంది, ఎందుకంటే వీపీఎన్ ఇచ్చావంటే వీధి గుమ్మం తీసినట్టే, ఆ తర్వాత వాడు వంటింట్లోకి వెళ్తాడో దొడ్లోకి వెళ్తాడో నీకు తెలీదు. అమెరికాలో 2021లో కలోనియల్ పైప్‌లైన్ ఆగిపోయింది చూడు, ఎవరూ వాడని పాత వీపీఎన్ అకౌంటు ఒకటి, ఓటీపీ లేదు, పాస్‌వర్డ్ ఎక్కడో లీకైంది, అంతే.

మాది ధాన్యం వ్యాపారం, మిల్లులు నాలుగు. ఒకరోజు మధ్యాహ్నం స్టాకు మొత్తం ఒకటే రేటు చూపిస్తోంది, సోనామసూరికీ అదే, నూకలకీ అదే. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఫోన్ చేస్తే "మేం ఇవాళ లోపలికే రాలేదు సార్, మీవాళ్లే ఏదో నొక్కుంటారు" అన్నారు. మా గుమస్తా బిక్కమొహం వేశాడు. రికార్డింగ్ తెరిచా. 12:41కి వాళ్ల మనిషి లోపలికొచ్చాడు, అప్‌డేట్ కమాండ్ టైపు చేశాడు, ఏ సరుకుకి మార్చాలో చెప్పే వేర్ అనే ముక్క రాయడం మొదలెట్టి, చెరిపేసి, ఎంటర్ కొట్టాడు, దాంతో అన్నిటికీ మారిపోయింది. తర్వాత ఒక నిమిషం మౌసు కదల్లేదు. ఆ నిమిషం చూస్తుంటే నాకే జాలేసింది. ఆ ముక్క కట్ చేసి పంపించా, సాయంత్రానికి డేటా సరిచేసిచ్చారు, గుమస్తాకి సారీ కూడా చెప్పించా.

1.5 వెర్షన్ నుంచి రికార్డింగులు బ్రౌజర్‌లోనే చూడొచ్చు, అంతకు ముందు వీడియోగా మార్చుకోవాల్సొచ్చేది. చెడ్డ సంగతి కూడా చెప్తా, గ్వాకమోలీ సెటప్ మొదటిసారి తల ప్రాణం తోకకి తెస్తుంది. టామ్‌క్యాట్ అనే వెబ్ సర్వర్ ఒకటి, దాని వెనక మెషీన్లకి కనెక్ట్ అయ్యే గ్వాక్‌డీ అని ఇంకోటి, మళ్లీ ఒక డేటాబేస్. ఏ వెర్షన్‌కి ఏ ఎక్స్‌టెన్షన్ అని సరిపోల్చుకోవాలి. నాకు రెండు ఆదివారాలు పట్టింది. దాన్ని నేరుగా బయటికి తెరవకు, దాని ముందు కనెక్షన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే హెచ్‌టీటీపీఎస్ ప్రాక్సీ ఒకటి పెట్టు, అప్‌డేట్లు వదిలెయ్యకు.

గట్టుమీద (రాజమండ్రి):

అందరూ బాగానే చెప్పారు, ఒక్కటే ఎవరూ చెప్పలేదు. ఆ తలుపే తెరుచుకోకపోతే ఏం చేస్తారు?

మేం అన్ని సర్వర్లకీ దారి ఇలాంటి ఒక్క టూల్ లోంచే పెట్టి, మిగతా దారులన్నీ మూసేశాం, చాలా గొప్పగా ఫీలయ్యాం. విండోస్ రికార్డింగులు అదే మెషీన్లో పడుతున్నాయి. డిస్కు నిండింది. తుఫాను హెచ్చరిక ఉన్న రాత్రి, అందరూ ఇళ్లకెళ్లాక, లాగిన్ ఆగిపోయింది. ఆ టూల్‌ని బాగుచెయ్యాలంటే ఆ టూల్ లోంచే లోపలికి వెళ్లాలి! వానలో బండి మీద ఆఫీసుకెళ్లి, సర్వర్ రూములో మానిటర్ తగిలించి, కీబోర్డ్ ఎక్కడుందో వెతికి, అప్పుడు డిస్కు ఖాళీ చేశాను. మీ ర్యాక్ తలుపు మీద రాత నాకు అప్పుడు దేవుడిలా కనపడేది :) 

అందుకని ఒక అత్యవసర అకౌంటు ఉండాలి. ఆ టూల్‌తో సంబంధం లేకుండా, పొడుగాటి పాస్‌వర్డ్, కవర్లో పెట్టి లక్క వేసి అకౌంట్స్ సేఫ్‌లో. కవరు చింపితే మార్చెయ్యాలి, చింపినట్టు ఎండీకి మెసేజ్ వెళ్లాలి. మూడు నెలలకోసారి నిజంగా దాంతో లోపలికెళ్లి చూడండి, లేకపోతే అవసరానికి అది పనిచెయ్యదు.

ఇంకోటి, సర్టిఫికెట్ పద్ధతికి వెళ్తే గడియారాలు చూసుకోండి. మీ టెంపరేచర్ లాగర్లు రాస్‌ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డులైతే జాగ్రత్త. 4వ మోడల్ దాకా వచ్చిన వాటిలో బ్యాటరీతో నడిచే గడియారం ఉండదు, కరెంటు పోయి వచ్చి, నెట్ ఇంకా రాకపోతే అది పాత టైములోనే ఉంటుంది. మీరు ఇప్పుడే తీసుకున్న సర్టిఫికెట్ చూపిస్తే "ఇది ఇంకా మొదలవ్వలేదు" అని తిప్పికొడుతుంది. లోకల్‌గా ఒక టైమ్ సర్వర్ పెట్టుకోండి. సెర్ట్-ఇన్ (సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్లు 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో టైము సరిచేసుకోవడం, లాగులు 180 రోజులు ఉంచడం, ఏదైనా జరిగితే 6 గంటల్లో చెప్పడం, మూడూ ఉన్నాయి. ఎండీ గారికి రొయ్యల మాట పక్కనపెట్టి అది చూపించండి.

ర్యాక్‌తలుపు:

అందరికీ చాలా థాంక్సండి. మా హెచ్ఆర్‌ని అడిగాను, మేం 100 దాటేశాం, కాబట్టి టెలిపోర్ట్ ప్రస్తుతానికి లేదు, రేటు మాత్రం అడిగి పెట్టుకుంటా. లైనక్స్ వాటికి కొబ్బరిమట్ట గారి దారి, వెండర్లకి గ్వాకమోలీ. 17 లైన్లలో మా ఇద్దరివి తప్ప 15 నిన్న రాత్రి తీసేశా. పొద్దున్న తొమ్మిదింటికల్లా ఒక ఫోనొచ్చింది, కంప్రెసర్ ప్యానెల్ వాళ్లు, "సార్ మాకు లాగిన్ అవ్వట్లేదు" అని. మీరు బ్యాకప్ సర్వర్‌లోకి ఎందుకెళ్తున్నారండీ అని అడిగితే, కాసేపు ఆగి, కనుక్కుని చెప్తామన్నారు. ఇంకా చెప్పలేదు.

ర్యాక్ తలుపు మీద రాత స్పిరిట్‌తో తుడిచాను గానీ పూర్తిగా పోలేదండి, వెలుతురు పక్కనుంచి పడితే ఇంకా చదవొచ్చు. పాస్‌వర్డే మార్చాలి, ఈ శనివారం పెట్టుకున్నాను.

@గట్టుమీద గారూ, మా లాగర్లు మీరన్న బోర్డులే, 4వి, ఎనిమిది ఉన్నాయి. బ్యాటరీ ఉన్న గడియారం మాడ్యూల్ విడిగా తగిలిస్తే సరిపోతుందా, లేక టైమ్ సర్వర్ ఒక్కటే చాలా?