విండోస్ పదిలోనే ఉండిపోవాలా, పదకొండుకి వెళ్ళాలా? డీటీపీ షాపు సిస్టమ్‌ల సంగతి కాస్త చెప్పండి

తెనాలి_డీటీపీ:
అందరికీ నమస్తే. మాది చిన్న డీటీపీ షాపు, పెళ్ళి కార్డులు, కరపత్రాలు, స్కూలు వాళ్ళ క్వశ్చన్ పేపర్లు, ఇదే పని. రెండు సిస్టమ్‌లున్నాయి. పాతది ఐ3 ఆరో జనరేషన్, 4 జీబీ ర్యామ్, విండోస్ 10 అదీ 32 బిట్, అందులో పేజీలు దిద్దే పేజ్‌మేకర్ 7, అను తెలుగు ఫాంట్లు, డాంగిల్ (సిస్టమ్‌కి తగిలించే లైసెన్సు తాళం) పెడితేనే తెరుచుకునే ఒక తెలుగు కీబోర్డు సాఫ్ట్‌వేరు. రెండోది ఐ5 ఎనిమిదో జనరేషన్, 64 బిట్, ఫొటోషాప్, మెయిల్, వాట్సాప్ వెబ్, బ్యాంకు పనీ జీఎస్టీ పనీ అన్నీ దాంట్లోనే. విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కదా, సిస్టమ్‌లు చూసే కుర్రాడు రెండూ తీసేసి కొత్తవి కొనమంటాడు, మా బావమరిదేమో నీ పెళ్ళి కార్డులు ఎవడు హ్యాక్ చేస్తాడు బావా, అప్‌డేట్లు ఆపేసి హాయిగా వాడుకో అంటాడు. ఎవరి మాట వినాలంటారు?

బయోస్_బాబాయ్:
రెండింటికీ ఒకే మందు వెయ్యకండి. ఐ5 ఎనిమిదో జనరేషన్ పదకొండుకి పనికొస్తుంది, మైక్రోసాఫ్ట్ లిస్టు ఇంటెల్‌లో దాదాపు అక్కణ్ణుంచే మొదలు. "మీ పీసీ పనికిరాదు" అని చూపిస్తోందా? చాలాసార్లు టీపీఎం అనే సెక్యూరిటీ చిప్పు ఆఫ్‌లో ఉంటుంది, అంతే. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి టీపీఎం.ఎంఎస్‌సీ (tpm.msc) అని కొట్టండి, వెర్షన్ 2.0 అని వస్తే సరే, ఏమీ దొరకలేదంటే బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగ్స్) వెళ్ళి ఇంటెల్ పీటీటీ (ఇంటెల్ వాళ్ళ టీపీఎం) ఆన్ చెయ్యండి. డిస్కు పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే కొత్త జీపీటీ పద్ధతికి మార్చి, బయోస్‌లో బూట్ మోడ్ యూఈఎఫ్ఐ పెట్టాలి, అది మాత్రం బ్యాకప్ లేకుండా ముట్టుకోవద్దు. విండోస్ ఒరిజినల్ అయితే అప్‌గ్రేడ్ ఫ్రీ. నచ్చకపోతే 10 రోజుల్లోపు సెట్టింగ్స్ లోంచే వెనక్కి రావచ్చు, అప్పటిదాకా డిస్క్ క్లీనప్ చేసి పాత విండోస్ ఉండే విండోస్.ఓల్డ్ ఫోల్డరు డిలీట్ చెయ్యకండి.

ఐ3 సంగతి వేరు. పదకొండులో అసలు 32 బిట్ లేదు. అంటే మీది అప్‌గ్రేడ్ అవ్వదు, మొత్తం తుడిచేసి 64 బిట్ కొత్తగా ఎక్కించాలి, పైగా ప్రాసెసర్ లిస్టులో లేదు.

కరీంనగర్_సర్వీస్:
నేను షాపుల రోజూ ఇవే చూస్తున్న. అన్నా, పనిచేస్తున్న మిషన్‌ని ఎందుకు కెలుకుతరు? పదకొండు ఎక్కించుకున్నోళ్ళు వారం కాకముందే మళ్ళ మా దగ్గరికే వస్తున్నరు. టాస్క్‌బార్ పక్కకి పెట్టుకునే అలవాటున్నోళ్ళకి, పదకొండు వచ్చినప్పుడు అది తీసేసిన్రు. రైట్ క్లిక్ కొడితే సగం ఆప్షన్లు దాచిపెట్టి ఇంకో క్లిక్ కొట్టమంటది. ఇవి సరే, అలవాటైతది. అసలు భయం బిట్‌లాకర్, డిస్కుకి తాళం ఏసేది. పదకొండుల 24హెచ్2 వెర్షన్ కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తోని లాగిన్ అయితే డిస్కు ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అయితది, చాలామందికి ఆ ముచ్చటే తెల్వదు. రేపు మదర్‌బోర్డు పోతది, 48 అంకెల రికవరీ కీ అడుగుతది, కస్టమరేమో ఏ మెయిల్‌తోని లాగిన్ అయినడో మర్చిపోతడు, ఆ మెయిల్ పాస్‌వర్డ్ పోరనికి తెల్సు, పోరడు బెంగళూర్ల. పెళ్ళి ఫొటోలన్నీ లోపల్నే. కీ లేకుంటే నేనే కాదు ఎవ్వలూ తియ్యలేరు.

సెక్యూరిటీ_సుబ్బు:
అన్నా, కీ ప్రింట్ తీసి బీరువాలో పెట్టుకోమని చెప్పడం వేరు, అప్‌గ్రేడ్ వద్దనడం వేరు. 2017 మేలో వానాక్రై అని ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే వైరస్ వచ్చినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి, గుర్తుందిగా? అది పెళ్ళి కార్డులా, ఎఫ్ఐఆర్‌లా అని చూసి రాలేదు, నెట్‌వర్క్‌లో తలుపు తెరిచున్న ప్రతి మిషన్‌లోకీ దూరింది. తెనాలి గారి బావమరిది లాజిక్‌లో తప్పు అక్కడే ఉంది.

కరీంనగర్_సర్వీస్:
అదే వానాక్రై పూర్తి కథ చెప్పు తమ్మీ. దెబ్బతిన్నవాటిల ఎక్కువ విండోస్ 7, దానికి అప్పటికి సపోర్టు ఉన్నది, ప్యాచ్ (కన్నం పూడ్చే అప్‌డేట్) మార్చిలనే వచ్చింది, రెండు నెలలు ఎవ్వలూ ఎక్కించుకోలే. అంటే తప్పు పాత వెర్షన్‌ది కాదు, అప్‌డేట్ ఎయ్యనోళ్ళది.

సెక్యూరిటీ_సుబ్బు:
నేను చెప్పేదీ అదే కదన్నా! అప్పుడు ప్యాచ్ ఉండి వేసుకోలేదు, ఇప్పుడు పదిలో ఉంటే వేసుకుందామన్నా రాదు. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌కి కొత్త వైరస్‌ల గుర్తులు 2028 అక్టోబర్ దాకా వస్తాయన్నారు నిజమే, కానీ డిఫెండర్ తెలిసిన వైరస్‌ని పట్టుకుంటుంది, విండోస్‌లో ఉన్న కన్నాన్ని పూడ్చదు.

డాలస్_తమ్ముడు:
రాదు అనకండి, ఒక దారుంది. ఈఎస్‌యూ అని మామూలు వాడకందార్లకి 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇస్తున్నారు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరమని లింకు ఉంటుంది, విండోస్ 10 22హెచ్2 వెర్షన్ అయి ఉండాలి. సెట్టింగ్స్ బ్యాకప్ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి సింక్ చేస్తే ఫ్రీ, లేదంటే వెయ్యి రివార్డ్ పాయింట్లు, లేదంటే 30 డాలర్లు, ఒక లైసెన్సుతో 10 సిస్టమ్‌ల దాకా. విజయవాడలో నాన్నగారి సిస్టమ్‌కి ఇక్కణ్ణుంచి రిమోట్‌లో ఇదే పెట్టించాను, ఆయనకి స్టార్ట్ బటన్ జరిగితే మళ్ళీ నేర్పడం నా వల్ల కాదు బాబూ. కాకపోతే కంపెనీలకి రేటు వేరు, మొదటి ఏడాది సిస్టమ్‌కి 61 డాలర్లు, తర్వాత ఏడాదికేడాది రెట్టింపు. మీ షాపు ఏ లెక్కలోకి వస్తుందో షరతులు చదువుకోండి.

పెంగ్విన్_పంతులు:
ఆ ఐ3కి శుభ్రంగా లైనక్స్ మింట్ (విండోస్ బదులు వాడే ఫ్రీ సిస్టమ్) వెయ్యండి, హార్డ్ డిస్కు బదులు వేగంగా నడిచే ఒక ఎస్ఎస్‌డీ తగిలించండి, ఇంకో అయిదేళ్ళు పరిగెడుతుంది. టీపీఎం అడగదు, అకౌంట్ అడగదు, డబ్బులు అసలే అడగదు.

బయోస్_బాబాయ్:
పంతులు గారూ, నా సొంత ల్యాప్‌టాప్‌లో మింటే ఉంది, కాదనను. కానీ ఈయన బతుకంతా పేజ్‌మేకర్ ఫైళ్ళలో ఉంది. ఆ డాంగిలూ ఆ కీబోర్డూ లైనక్స్‌లో ఎలా నడిపిస్తారు? ఫాంటు అక్షరాలు కనిపిస్తే సరిపోదు కదా, టైపు చెయ్యాలి, ప్రూఫు దిద్దాలి, సాయంత్రానికి ప్రెస్సుకి ఇవ్వాలి. మెయిలూ యూట్యూబూ చూసే ఇంటి సిస్టమ్ అయితే మీరన్నదే కరెక్టు.

తెనాలి_డీటీపీ:
సరిగ్గా చెప్పారు. ఇన్నేళ్ళ ఫైళ్ళన్నీ అందులోనే, పోయినేడాది కార్డులో పేర్లు మార్చి ఇవ్వు అని వస్తారు సగం మంది. ఫాంటు మార్చినా అక్షరం మారని యూనికోడ్‌కి మారమని కుర్రాళ్ళు అంటారు గానీ, పేజ్‌మేకర్ బదులు వాడే ఇన్‌డిజైన్‌లో కొత్తవి పేజ్‌మేకర్ ఫైలు తెరవనే తెరవవు, సీఎస్6 వెర్షన్ దాకా ఉన్న పాతవే తెరుస్తాయి. మరి ఆ ఐ3ని 64 బిట్ చేస్తే డాంగిల్ పనిచేస్తుందా?

బయోస్_బాబాయ్:
పేజ్‌మేకర్ 7 2001 నాటిదే అయినా 32 బిట్ ప్రోగ్రాము కాబట్టి 64 బిట్ విండోస్‌లో కాస్త బతిమాలితే నడుస్తుంది. చిక్కంతా డాంగిల్ డ్రైవర్‌తో. 32 బిట్ డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో ఎక్కదు, 64 బిట్‌ది ఇచ్చారో లేదో ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళనే అడగాలి. ఇచ్చినా మరీ పాతదైతే పదకొండులో మెమరీ ఇంటిగ్రిటీ అనే సెక్యూరిటీ సెట్టింగు అడ్డుపడొచ్చు. అందుకని ఆ మిషన్‌ని అలాగే ఉంచండి, కానీ నెట్ కేబుల్ పీకేసి వైఫై అడాప్టరు కూడా తీసేయండి. ముందు హార్డ్ డిస్కు మొత్తాన్నీ ఇమేజ్ (ఉన్నదున్నట్టు నకలు) తీసి బయటి డిస్కులో పెట్టుకోండి, ఆ హార్డ్ డిస్కు ఏ రోజు మొరాయిస్తుందో చెప్పలేం, మీకు హ్యాకర్ కన్నా ముందు వచ్చే గండం అదే.

సెక్యూరిటీ_సుబ్బు:
దీనికి నేనూ ఒప్పుకుంటా, ఒక్క షరతు మీద. ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లోనే తిరుగుతాయి కాబట్టి షాపుకి సొంతంగా ఒకటి పెట్టుకోండి, కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్ ముందు ఐ5లో పెట్టి స్కాన్ చేశాకే, అందులోంచి కావాల్సిన ఫైలు మీ దాంట్లోకి ఎక్కించుకుని ఐ3కి తీసుకెళ్ళండి. జిరాక్సు షాపుల్లో పెన్‌డ్రైవ్ పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లైపోయేవి, మర్చిపోయారా?

కరీంనగర్_సర్వీస్:
ఐ3 నెట్ తీసుడు మంచిదే. ఐ5ల బ్యాంకు పని ఉన్నదంటున్నరు కాబట్టి దానికి పదకొండు అంటే నేనూ అడ్డం రాను. హార్డ్ డిస్కే ఉంటే మాత్రం ఎస్ఎస్‌డీ ఏసినంకనే ఎక్కియ్యిండి, లేకుంటే ఆన్ చేసి చాయ్ తాగొచ్చినా డెస్క్‌టాప్ రాదు. కొత్త సిస్టమ్ కొనుడు ఇప్పుడు వద్దు, ర్యామ్ రేట్లు చూస్తే గుండె ఆగుతున్నది. గా రికవరీ కీ ముచ్చట యాదుంచుకోండ్రి.

తెనాలి_డీటీపీ:
ఇప్పుడే ఐ5లో చూశాను, టీపీఎం దొరకలేదు అంటోంది, బయోస్‌లో పీటీటీ డిసేబుల్ అనే ఉంది. ఆన్ చేస్తే 2.0 చూపించింది. డిస్కు మాత్రం ఎంబీఆరే, హార్డ్ డిస్కే. ఎస్ఎస్‌డీ తెప్పించి ఆదివారం షాపు మూసి పెట్టుకుంటా. బాబాయ్ గారూ, ఐ3 డిస్కు ఇమేజ్ తియ్యడానికి ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఏది వాడమంటారు?

బయోస్_బాబాయ్:
క్లోన్‌జిల్లా. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చెయ్యాలి, నల్ల స్క్రీను చూసి కంగారుపడకండి. ఏది అసలు డిస్కు, ఏది బయటి డిస్కు అని అడిగే చోట సైజు చూసి ఒకటికి రెండుసార్లు చదివి ఎంటర్ కొట్టండి.